20 ఏళ్లకే ఆలస్యమైపోయిందనుకుంటున్న మేనల్లుడికి

చిన్నా,

నీ మెసేజ్ చదివాను. టీమ్ లిస్టులో మళ్లీ పేరు లేదని, 20 దాటాక ఇక పైకి ఎక్కేదేముందని రాశావు. ఫోన్‌లో నాలుగు ఓదార్పు మాటలు చెప్పి ఊరుకోవడం నాకిష్టం లేదు. ఫుట్‌బాల్‌లో స్ట్రైకర్ కెరీర్, అంటే ముందుండి గోల్స్ కొట్టేవాడి కెరీర్, ఎలా నడుస్తుందో నీకు వివరంగా చెప్పాలి, అందుకే రాస్తున్నాను.

నీ వయసులో జర్మనీ స్ట్రైకర్ మిరోస్లావ్ క్లోజే ఎక్కడున్నాడో చూడు. 1978లో పోలండ్‌లోని ఒపోలెలో పుట్టాడు. చిన్నప్పుడే కుటుంబంతో జర్మనీలోని కూజెల్‌కు వచ్చాడు, అప్పటికి జర్మన్ భాష దాదాపు రాదు. నాన్న ఫుట్‌బాలర్, అమ్మ పోలండ్ హ్యాండ్‌బాల్ జట్టులో ఆడింది, కాబట్టి ఇంట్లో ఆట ఉన్నమాట నిజమే. అయినా ఏ పెద్ద క్లబ్బూ అతన్ని చిన్నప్పుడే ఎత్తుకుపోలేదు. కింది డివిజన్‌లో ఊరి జట్టుకు ఆడుతూ వడ్రంగి పని నేర్చుకున్నాడు. ఆ తర్వాత హోంబుర్గ్ క్లబ్, అక్కణ్నుంచి కైజర్స్‌లాటర్న్ రెండో జట్టు. జర్మనీలో అన్నిటికంటే పై లీగ్ అయిన బుండెస్‌లీగాలో మొదటి మ్యాచ్ ఆడింది 2000లో, 22 నిండబోతుండగా. మరుసటి ఏడాది మార్చిలో అల్బేనియా మీద సబ్‌స్టిట్యూట్‌గా దిగి, చివరి నిమిషాల్లో గెలుపు గోల్ కొట్టి జర్మనీ జెర్సీలో నిలబడ్డాడు. నువ్వు ఆలస్యం అంటున్న వయసులో అతని అసలు కథ ఇంకా మొదలే కాలేదు. అన్నట్టు, డిప్లొమా పరీక్షలు మానేస్తానన్నావట, అమ్మ చెప్పింది. మానకు. చేతిలో ఒక పని ఉన్నవాడు మైదానంలో తక్కువ భయంతో ఆడతాడు.

ఇక ఆట సంగతి. 2002 ప్రపంచకప్‌లో అతను కొట్టిన 5 గోల్సూ హెడర్లే, అంటే తలతో కొట్టినవే. అవన్నీ ఒకసారి చూడు, కానీ గాల్లోకి ఎగిరిన క్షణం దగ్గర ఆపి చూడకు. దానికి ముందు రెండు అడుగులు చూడు. డిఫెండర్ భుజం వెనక నిలబడతాడు. అక్కడ ఉంటే ఆ డిఫెండర్‌కు బంతి, క్లోజే ఒకేసారి కనబడరు. మైదానం అంచున ఆడే వింగర్ క్రాస్ కొట్టడానికి, అంటే పక్కనుంచి బంతిని గోల్ ముందుకు పంపడానికి, తల దించాడంటే చాలు, ఇతను అప్పటికే కదిలి ఉంటాడు. నువ్వేమో క్రాస్ గాల్లోకి లేచాక పరుగు మొదలుపెడుతున్నావు, అప్పటికి డిఫెండర్ నీ ముందుకు వచ్చేస్తాడు. అతని కంటే పొడుగైనవాళ్లు ప్రతి జట్టులోనూ ఉన్నారు, కాబట్టి ఎత్తు తక్కువని నువ్వు చెప్పే సాకు పనికిరాదు. కళ్లు తెరిచి ఉంచు, బంతిని నుదుటితో కొట్టు, కుదిరినప్పుడల్లా నేలకు కొట్టు. కింద పడి లేచే బంతిని ఆపడం గోల్‌కీపర్‌కు చాలా కష్టం. ప్రాక్టీస్ అయ్యాక ఒక వింగర్‌ను బతిమాలుకుని రోజూ ఈ ఒక్కటే చెయ్యి.

ఇంకో గోల్ ఉంది, దాన్ని నేను ఎన్నిసార్లు చూసినా విసుగు రాదు. 2014 జులై 8, బెలో హొరిజాంటే, బ్రెజిల్‌తో ప్రపంచకప్ సెమీఫైనల్. క్లోజే మొదటి షాట్‌ను బ్రెజిల్ గోల్‌కీపర్ జూలియో సీజర్ ఆపేశాడు. బంతి వెనక్కి వచ్చేసరికి అతను ఆగిపోలేదు, తల పట్టుకోలేదు, రెండో షాట్‌తో లోపలికి పంపాడు. ప్రపంచకప్‌లలో అతనికది 16వ గోల్. బ్రెజిల్ ఆటగాడు రొనాల్డో 15 గోల్స్ రికార్డును రొనాల్డో దేశంలోనే దాటాడు. నీ షాట్ ఆపేస్తే ఆకాశం వైపు చూసే అలవాటు నీకుంది. ఆ ఒక్క క్షణంలోనే వెనక్కి వచ్చిన బంతి డిఫెండర్‌కు దొరుకుతోంది.

గోల్స్ రాని కాలం గురించి అడిగావు. అది అందరికీ వస్తుంది. 2009-10లో జర్మన్ క్లబ్ బయెర్న్ తరఫున లీగ్ మొత్తంలో అతను కొట్టినవి 3 గోల్స్. అయినా జర్మనీ కోచ్ లోవ్ అతన్ని 2010 ప్రపంచకప్‌కు దక్షిణాఫ్రికా తీసుకెళ్లాడు, అక్కడ 4 గోల్స్ వచ్చాయి. ఫామ్ పోయిన మనిషిని కోచ్ ఎందుకు నమ్మాడంటావు? నాకు తోచిన జవాబు ఇది: గోల్ రాని రోజున కూడా ప్రత్యర్థి డిఫెండర్లను తరుముతాడు, వాళ్లను తన వెంట లాగి తోటివాళ్లకు ఖాళీ చేస్తాడు, ఒక టచ్‌లో బంతి తిరిగి ఇచ్చేస్తాడు. అలాంటివాణ్ని బయట పెట్టాలంటే ఏ కోచ్ అయినా ఆలోచిస్తాడు. 2014 ప్రపంచకప్‌లో ఘనా మీద బెంచ్ నుంచి దిగి, రెండు నిమిషాల్లోపే గోల్ కొట్టాడు. బెంచ్ మీద ఉన్నంతసేపూ ఆటను చదువుతూ ఉంటేనే అది సాధ్యం. నువ్వు మొన్న ఫోన్ చూస్తూ కూర్చున్నావని విన్నాను, నాకు బాధేసింది.

పోయిన వారం పెనాల్టీ బాక్స్‌లో నువ్వు పడిపోయిన వీడియో కూడా చూశాను. డిఫెండర్ కాలు నీకు తగల్లేదు. 2012లో నాపొలీ మీద ఇటలీ క్లబ్ లాజియో తరఫున క్లోజే కొట్టిన గోల్ చేతికి తగిలి లోపలికి వెళ్లింది. రెఫరీ గోల్ ఇచ్చేశాడు. ఇతనే వెళ్లి నిజం చెప్పి రద్దు చేయించాడు. ఆ మ్యాచ్ లాజియో 3-0తో ఓడిపోయింది కూడా. అంతకుముందు జర్మన్ క్లబ్ బ్రెమెన్‌లో ఉన్నప్పుడు తనకిచ్చిన పెనాల్టీ తప్పని రెఫరీకి చెప్పాడు. ఈ విషయంలో నేను బేరాలాడను. దొంగ పెనాల్టీతో గెలిచిన మ్యాచ్ గురించి నాకు చెప్పకు.

2014 ప్రపంచకప్ ఫైనల్లో 88వ నిమిషంలో క్లోజేను బయటికి పిలిచి అతని బదులు గోట్జేను పంపారు, గెలుపు గోల్ గోట్జే కొట్టాడు. నెల తిరిగేలోపు, 137 మ్యాచ్‌లు, 71 గోల్స్‌తో క్లోజే జాతీయ జట్టుకు వీడ్కోలు చెప్పాడు. అతనికి ముందటి తరం జర్మన్ స్ట్రైకర్ గెర్డ్ మ్యూలర్ 68 గోల్స్ 62 మ్యాచ్‌ల్లోనే కొట్టాడు, ఆ మాట కూడా చెప్పాలి. మ్యూలర్ లాంటి పుట్టుక అందరికీ దొరకదు. క్లోజే దారి మాత్రం నడవాలనుకున్నవాడికి తెరిచే ఉంది, నువ్వు నడవగలవని నాకు నమ్మకం.

వచ్చే మ్యాచ్ వీడియో పంపు. నీ షాట్లు మాత్రం కత్తిరించి పంపకు, 90 నిమిషాలూ పంపు. బంతి నీ దగ్గర లేనప్పుడు ఎక్కడ నిలబడుతున్నావో చూసి, నిమిషాలతో సహా రాసి పంపిస్తాను.

నీ మామయ్య