కౌసానీలో ఒక్క రాత్రి చాలుతుందా?

ఈ నెల మా యాత్రా శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో మూడు ఉత్తరాఖండ్‌లోని కౌసానీ గురించే ఉన్నాయి కాబట్టి మూడింటికీ ఒకచోటే సమాధానం ఇస్తున్నాను.

*ప్రశ్న: మావారు హైస్కూలులో హిందీ పండితులుగా పనిచేసి రిటైరయ్యారు. కవి సుమిత్రానందన్ పంత్ పుట్టిన ఊరు చూడాలని ఆయనకు చిరకాలంగా కోరిక. ట్రావెల్స్ వారు నైనీతాల్, రాణీఖేత్, కౌసానీ, అల్మోరా అన్నీ నాలుగు రోజుల్లో చూపిస్తామంటున్నారు. అందులో కౌసానీకి ఇచ్చింది ఒక్క రాత్రి. అది చాలుతుందా? ఇద్దరికీ అరవై దాటాయి. అంత ఎత్తులో ఊపిరి అందదేమోనన్న భయం కూడా ఉంది.*
*– ఒక పాఠకురాలు, కాకినాడ*

జవాబు: చాలదు. కౌసానీలో చూడవలసిన స్థలాలకు ఒక పూట సరిపోతుందన్న లెక్కతో ట్రావెల్స్ వారు ఒక్క రాత్రి ఇస్తారు. స్థలాల వరకూ ఆ లెక్క తప్పు కాదు. కాని ఆ ఊరికి జనం వెళ్లేది ఉత్తరం దిక్కున త్రిశూల్, నందాదేవి, నందాకోట్, పంచచూలీ శిఖరాలు బారులు తీరి కనిపించే దృశ్యం కోసం, ఆ శిఖరాలేమో మన టికెట్టు మీది తేదీ చూసి బయటికి రావు. నేను మొదటిసారి మే నెలలో వెళ్లి, రెండు రాత్రులుండి, బూడిదరంగు మసక తప్ప మరేమీ చూడకుండా తిరిగివచ్చాను. ‘హిమాలయాలు కనిపించే గది’ అని అదనంగా డబ్బు తీసుకున్న హోటలు కిటికీలోంచి పక్క మేడ మీది నీళ్ల ట్యాంకు మాత్రం స్పష్టంగా కనిపించింది.

రెండోసారి నవంబరులో వెళ్లాను. మొదటి రెండు ఉదయాలూ మబ్బే. మూడో రోజు ఆరు గంటలకు, ఒకప్పుడు గాంధీజీ బస చేసిన అనాసక్తి ఆశ్రమం ఆవరణలో నిలబడి ఉండగా, కింద లోయ ఇంకా చీకటిలోనే ఉన్నప్పుడు, అక్కడ కొండ ఉంటుందని ఊహించనైనా ఊహించని ఎత్తులో నందాదేవి కొన మీద చిన్న ఎర్రని మరక పడింది. పసుపులో సున్నం కలిపితే వచ్చే పారాణి ఎరుపు అది. అక్కడి నుంచి ఒక్కొక్క శిఖరమే ఆ రంగును అందుకుంది, పావుగంటలో అన్నీ వెన్నముద్దల్లా తెల్లబడ్డాయి. ఎదురుగా అన్నిటికన్నా పెద్దగా కనిపించేది త్రిశూల్, దాని ఎత్తు 7,120 మీటర్లు. 7,816 మీటర్ల నందాదేవి మరింత దూరాన ఉండటం వల్ల దానికన్నా చిన్నదిగా తోస్తుంది. మేమంతా నోరెత్తకుండా నిలబడి ఉంటే, టీ అమ్మే కుర్రవాడు ‘ఇవాళ బాగానే కనిపిస్తున్నాయి’ అని ఒక మాట అనేసి గ్లాసులు కడుక్కోవడంలో పడ్డాడు.

అందుచేత నైనీతాల్‌ను వదిలేసి కౌసానీకి మూడు రాత్రులు ఇమ్మని ట్రావెల్స్ వారిని అడగండి. వారు ఒప్పుకోకపోతే వారినే వదిలేయవచ్చు. కౌసానీ ఉన్న కుమావూ కొండ ప్రాంతపు పర్యాటక సంస్థ కుమావూ మండల్ వికాస్ నిగమ్ వారి ప్రభుత్వ విడిది ఆ ఊళ్లో ఉంది, గదులు స్వయంగా బుక్ చేసుకోవచ్చు.

పంత్ 1900 మే 20న కౌసానీలోనే పుట్టారు. పుట్టిన కొద్ది గంటలకే తల్లి కన్నుమూసింది. ఆ ఇంటిని ఇప్పుడు ఆయన స్మారక మ్యూజియంగా ఉంచారు. మీవారికి తెలిసే ఉంటుంది గాని మిగతా పాఠకుల కోసం చెబుతున్నాను: 1968 సంవత్సరానికి ‘చిదంబరా’ కావ్యానికి జ్ఞానపీఠం అందుకుని హిందీకి ఆ గౌరవం మొదట తెచ్చినవారు పంత్, 1970 సంవత్సరానికి తెలుగుకు మొదట తెచ్చినవారు విశ్వనాథ. మ్యూజియం చిన్నది, అరగంటలో చూసి బయటపడవచ్చు, కాని హిందీ పండితులకు అరగంట చాలుతుందని నేను అనుకోను. ఏ రోజు సెలవో ముందుగా వాకబు చేసుకుని వెళ్లండి.

అనాసక్తి ఆశ్రమం మీకూ నచ్చుతుంది. 1929 ఏప్రిల్, మే నెలల్లో ఖద్దరు నిధి కోసం మన ఆంధ్రదేశంలో ఊరూరా తిరిగిన గాంధీజీ, ఆ వెంటనే జూన్‌లో కుమావూ కొండలకు వెళ్లి కౌసానీలో కొద్ది రోజులు ఆగారు. తమ గుజరాతీ గీతానువాదం ‘అనాసక్తియోగం’ పీఠికను అక్కడే రాశారు. ఆశ్రమానికి ఆ పేరు అందువల్లనే వచ్చింది. మన ఎండల్లో, దుమ్ములో అన్ని వారాలు తిరిగిన మనిషి ఆ చల్లదనంలో కూర్చుని ఆ పుస్తకం పని ముగించారన్న సంగతి ఆ గోడల మధ్య నిలబడ్డప్పుడు గుర్తుకు రావడం సహజం. ఆ ఊళ్లోనే ఉన్న లక్ష్మీ ఆశ్రమాన్ని ఆడపిల్లల చదువు కోసం 1946లో స్థాపించినవారు ఆంగ్లేయ వనిత కేథరిన్ హైల్మన్, మన దేశం ఎరిగిన పేరు సరళా బెహన్. అది పిల్లలు ఉండి చదువుకునే చోటు కాబట్టి అనుమతి అడిగే లోపలికి వెళ్లాలి.

మబ్బు వీడని రోజున గదిలో కూర్చుని బాధపడకుండా బైజనాథ్ వెళ్లిరండి. పదిహేడు కిలోమీటర్ల దూరంలో, లోయలో, గోమతి నది ఒడ్డున కత్యూరీ రాజుల కాలం నాటి రాతి గుళ్ల సముదాయం అది. ప్రధానాలయంలో నిలువెత్తు పార్వతీదేవి నల్లరాతి విగ్రహం ఉంది. పూజారి దీపం దగ్గరగా పట్టినప్పుడు ఆ నగల చెక్కడం ఎంత సన్ననిదో తెలుస్తుంది.

ఊపిరి సంగతి. కౌసానీ ఎత్తు సుమారు 1,890 మీటర్లు, అంటే మన వాళ్లంతా వెళ్లివచ్చే ఊటీకన్నా తక్కువ. ఎత్తు వల్ల కలిగే జబ్బు సాధారణంగా 2,500 మీటర్లు దాటితే గాని మొదలవదు. గుండె జబ్బో, ఆస్తమానో ఉంటే డాక్టరుగారిని అడిగే బయలుదేరాలనుకోండి. అసలు ఇబ్బంది పెట్టేది దారిలోని మలుపులు. రైలు దిగే కాఠ్‌గోదాం నుంచి అయిదారు గంటల ప్రయాణంలో నేరుగా ఉన్న రోడ్డు తక్కువ. కడుపు నిండా తినకుండా, వీలైతే ముందు సీట్లో కూర్చుని వెళ్లండి.

*ప్రశ్న: డిసెంబరులో వెళ్తే ఊళ్లో మంచు పడుతుందా? రైల్లో ఎలా చేరుకోవాలి?*
*– ఒక విద్యార్థి, వరంగల్*

జవాబు: మంచు పడుతుందన్న భరోసాతో వెళ్లకండి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఎప్పుడైనా పడవచ్చు, పడకపోనూ వచ్చు. దూరాన శిఖరాల మీది మంచు మాత్రం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉదయం పూట స్పష్టంగా కనిపించే అవకాశం ఎక్కువ. వేసవిలో మైదానాల నుంచి వచ్చే దుమ్ముకు తోడు అడవుల పొగ చేరుతుంది. పైన్ జాతి చీడ్ చెట్ల నుంచి రాలే, అక్కడివారు పిరూల్ అని పిలిచే ఎండిన సూదుల్లాంటి ఆకులు నేలంతా పరచుకుని, ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటాయి. నా మే నెల ప్రయాణం అలాగే మసకబారింది. వానకాలంలో కొండచరియలు విరిగిపడి దారులు మూసుకుపోతాయి కాబట్టి ఆ నెలలు వద్దు.

మీకు కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఉంది. అది న్యూఢిల్లీలో దింపుతుంది. కాఠ్‌గోదాం వెళ్లే రాణీఖేత్ ఎక్స్‌ప్రెస్ రాత్రి పూట పాత ఢిల్లీ స్టేషన్‌లో ఎక్కాలి. రెండు స్టేషన్లనూ ఒకటే అనుకుని బండి తప్పిపోయినవారు నాకు తెలుసు. కాఠ్‌గోదాంతో రైలుపట్టా అయిపోతుంది. అక్కడి నుంచి అల్మోరా దాకా ఒక షేర్ జీపు, అల్మోరాలో దిగి కౌసానీకి మరొకటి. జీపు నిండితే గాని కదలదు. చీకటి పడ్డాక ఆ దారిలో బండ్లు దొరకడం కష్టం కాబట్టి ఉదయమే బయలుదేరండి.

*ప్రశ్న: మా అత్తగారు అన్నం లేకపోతే ఉండలేరు. అక్కడ రొట్టెలే దొరుకుతాయా?*
*– ఒక పాఠకురాలు, నిజామాబాద్*

జవాబు: కుమావూ వారు కూడా అన్నం తినేవారే, వారు దాన్ని భాత్ అంటారు. మీ అత్తగారికి ఆశ్చర్యం కలిగించే సంగతి మరొకటి ఉంది. వారి గహత్ పప్పు మన ఉలవలే, మండువా రొట్టె మన రాగి రొట్టే, ఝంగోరా మన ఊదలే. భాంగ్ గింజల పచ్చడి అంటే కంగారు పడనవసరం లేదు, అది మత్తెక్కించదు, కాస్త నువ్వుల పచ్చడిని తలపిస్తుంది. చిక్కేమిటంటే హోటళ్లలో మెనూ తెరిస్తే పనీరు తప్ప ఇవేవీ కనిపించవు. ముందు రోజు రాత్రే వంటవారితో చెప్పి పెట్టుకుంటే, ఉలవలు నానబోసి, మరునాడు మధ్యాహ్నానికి అన్నంలోకి వేడివేడిగా వండి పెడతారు. ఆవకాయ మీరు ఎలాగూ తీసుకువెళ్తారు కాబట్టి దాని గురించి చెప్పడం లేదు.

తిరుగు ప్రయాణంలో అల్మోరాలో బాల్ మిఠాయి కొనండి. కోవాను ముదురు గోధుమరంగు వచ్చేదాకా వేయించి, ముక్కలు కోసి, పైన తెల్లని చక్కెర పూసలు అద్దుతారు; ఇల్లు చేరేదాకా నిలుస్తుంది. మాలూ ఆకు పొట్లంలో చుట్టి ఇచ్చే సింగోరీని మాత్రం ఆకు వాసన పోకముందే, కొట్టు ముందు నిలబడి తినేయాలి.