ఎనిమిది దేశాలు వద్దు, నాలుగు చాలు

అమ్మలూ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశావు, మీ అమ్మకి, అదే మా అక్కకి, సగమే చెప్పావు, బావగారికి అసలే చెప్పలేదు, కానీ నేపాల్ నుంచి బాలి దాకా ఎనిమిది దేశాల జాబితా మాత్రం తయారుగా ఉంది. వెళ్ళు. నేను ఆపను, ఆపమని అక్క అడిగినా ఆపను, కావాలంటే బావగారితో నేనే మాట్లాడతాను. నాకు కంగారంతా ఆ జాబితా చూస్తేనే. ఆరు నెలల్లో ఎనిమిది దేశాలంటే నీ కాలం చాలా వరకు బస్టాండుల్లో, ఎయిర్‌పోర్టుల్లో, వీసా ఫారాల ముందు గడిచిపోతుంది. సగం కొట్టెయ్. థాయ్‌లాండ్, లావోస్, వియత్నాం, కంబోడియా ఉంచుకో, మిగతావి ఇంకోసారి చూసుకోవచ్చు.

వరస కూడా అదే పెట్టుకో. థాయ్‌లాండ్ ఉత్తరాన చియాంగ్ ఖోంగ్ దగ్గర మెకాంగ్ నది దాటితే లావోస్ వస్తుంది, అక్కడ హువాయ్ సాయ్‌లో పడవెక్కితే రెండు రోజులకి లువాంగ్ ప్రబాంగ్ చేరతావు, మధ్యలో రాత్రికి పాక్‌బెంగ్ అనే చిన్న ఊళ్ళో మజిలీ. 2021 డిసెంబరులో చైనా రైలు మార్గం వచ్చాక లావోస్‌లో తిరగడం చాలా తేలికైపోయింది, రాజధాని వియంటియాన్ నుంచి లువాంగ్ ప్రబాంగ్‌కి రెండు గంటల్లో పడేస్తుంది. అయినా మొదటిసారి పడవే ఎక్కు. రెండు రోజులు చేయడానికి ఏ పనీ ఉండదు, సిగ్నల్ సగం చోట్ల ఉండదు, ఒడ్డున పిల్లలు చేతులూపుతుంటారు, ఊళ్ళవాళ్ళు బస్తాలతో, కోళ్ళతో ఎక్కి దిగుతుంటారు. ఆఫీసు వేగం ఒంట్లోంచి దిగాలంటే నీకు అలాంటి రెండు రోజులు కావాలి. కంబోడియాని చివర్లో పెట్టమంటున్నది ఎందుకంటే, 2025లో థాయ్‌లాండ్‌కీ కంబోడియాకీ గొడవ ముదిరి వాళ్ళ మధ్య రోడ్డు సరిహద్దులు మూసేశారు. వియత్నాం వైపు నుంచైతే హో చి మిన్ సిటీలో బస్సెక్కి బావెట్ అనే సరిహద్దు ఊరి దగ్గర దాటొచ్చు. ఇలాంటివి ఎప్పుడు మూస్తారో, ఎప్పుడు తెరుస్తారో ఎవరి చేతుల్లోనూ ఉండదు కాబట్టి డిస్కౌంట్ వచ్చింది కదా అని అన్ని టికెట్లూ ముందే కొనేసి కూర్చోకు.

ఇక వీసాలు. మన పాస్‌పోర్టుతో తిరిగేవాళ్ళకి ఎక్కువ విసుగు ఇక్కడే వస్తుంది. వియత్నాం 2023 ఆగస్టు నుంచి 90 రోజుల ఈ-వీసా ఇస్తోంది, ఒక్కసారి వెళ్ళడానికైతే 25 డాలర్లు, మళ్ళీ మళ్ళీ వెళ్ళి రావడానికైతే 50. ఫారంలో ఏ సరిహద్దు పేరు రాస్తే అక్కడినుంచే లోపలికి వెళ్ళాలి, లావోస్ నుంచి బస్సులో వెళ్తూ హనోయ్ ఎయిర్‌పోర్టు అని రాస్తే ఇబ్బంది పడతావు. మన తెలుగువాళ్ళ ఇంటిపేర్లతో ఇంకో తంటా ఉంది. నీ పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, పేరు ఇంకో గడిలో ఎలా ఉన్నాయో, వీసాలోనూ టికెట్లోనూ అచ్చంగా అలాగే ఉండాలి, ఒక్క అక్షరం తేడా వచ్చినా కౌంటర్ దగ్గర అరగంట. థాయ్‌లాండ్‌కి 2025 మే నుంచి ముందుగా డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి, చేరే ముందు మూడు రోజుల్లోపే. గడువు దాటి ఉండిపోతే రోజుకి 500 బాట్ల జరిమానా. వీసా లేకుండా ఎన్నాళ్ళు ఉండనిస్తారన్నది మాత్రం మారుతూ ఉంటుంది, బయల్దేరే వారం ఆయా రాయబార కార్యాలయాల సైట్లోనే చూసుకో, యూట్యూబులో ఎవరో చెప్పింది నమ్మకు.

అన్నీ సరిగ్గా ఉన్నా నిన్ను పక్కకి పిలుస్తారు. నీ ముందున్న జర్మనీ అబ్బాయికి ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా స్టాంపు కొడతారు, నిన్ను రిటర్న్ టికెట్ ఏది, హోటల్ ఏది, డబ్బులెంత ఉన్నాయి, ఒక్కదానివే ఎందుకు వచ్చావు అని అడుగుతారు. కడుపు మండుతుంది, మండాలి కూడా, అది అన్యాయమే. కానీ ఆ కోపం ఆ కౌంటర్ దగ్గర చూపిస్తే నష్టం నీకే. బయటికి వెళ్ళే టికెట్, మొదటి నాలుగు రాత్రుల బుకింగ్, మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, ఇన్సూరెన్స్ కాగితం ప్రింట్లు తీసి ఒక ఫైలులో పెట్టుకో. ఫోన్లో చూపిస్తానంటే ఆ రోజే ఛార్జింగ్ ఉండదు.

డబ్బు గురించి. మన కార్డుల్లో విదేశీ లావాదేవీలు మామూలుగా ఆఫ్‌లో ఉంటాయి, ఇక్కడే ఆన్ చేసుకో. రెండు వేర్వేరు బ్యాంకుల కార్డులు వేర్వేరు బ్యాగుల్లో పెట్టు. అన్నిటికంటే ముఖ్యం నీ ఇండియా సిమ్, దానికి ఇంటర్నేషనల్ రోమింగ్ చేయించు, కనీసం ఎస్సెమ్మెస్‌లు రావాలి. హనోయ్‌లో ఒక రాత్రి మా బ్యాంకు వాళ్ళు నా కార్డు ఎవరో వాడేస్తున్నారనుకుని బ్లాక్ చేశారు, ఓటీపీ రాదు, కస్టమర్ కేర్‌లో పాట తప్ప మనిషి రాడు, రెండో కార్డు లేకపోతే ఆ రాత్రి గదికి డబ్బు కట్టగలిగేదాన్ని కాదు. ఏటీఎం గానీ దుకాణంలో మెషీన్ గానీ రూపాయల్లో తీసుకోమంటారా అని అడిగితే వద్దని చెప్పి ఆ దేశం కరెన్సీలోనే తీసుకో, రూపాయల్లో అంటే రేటు వాళ్ళిష్టం. వియత్నాంలో 20 వేల డాంగ్‌ల నోటు, 5 లక్షల నోటు రెండూ నీలం రంగే, ట్యాక్సీలో చీకట్లో ఇచ్చేటప్పుడు సున్నాలు చూసి ఇవ్వు. కంబోడియాలో డాలర్లు నడుస్తాయి గానీ కొంచెం చిరిగినా, మరక ఉన్నా తీసుకోరు. చిల్లర మాత్రం రియెల్‌లలో ఇస్తారు, డాలరుకి దాదాపు 4 వేలు.

తిండికి నువ్వు అంత భయపడక్కర్లేదు. అన్నం తినే దేశాలు. లావోస్‌లో జిగురు అన్నం చిన్న వెదురు బుట్టలో పెట్టిస్తారు, చేత్తో ముద్ద చేసుకుని పచ్చడిలాంటి దానిలో అద్దుకుని తింటారు, మన చేతికి అదేం కొత్త కాదు. వియత్నాంలో ‘కొమ్ చాయ్’ అని బోర్డు కనిపిస్తే శాకాహార భోజనం, వాళ్ళ చాంద్రమానం నెలలో మొదటి రోజున, పున్నమి రోజున చాలామంది మాంసం ముట్టరు, ఆ రోజుల్లో వీధి బండ్ల మీద కూడా మంచి శాకాహారం దొరుకుతుంది. థాయ్‌లాండ్‌లో పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో ‘జే’ అని ఉన్న శాకాహారం కొట్లు వెతుక్కో. మామూలు కొట్లో కూరగాయల వేపుడు అడిగినా చేప సాస్ పడుతుంది, అది ముందే తెలుసుకుంటే గొడవ లేదు. కందిపొడి, కరివేపాకు పొడి తీసుకెళ్ళు. ఆవకాయ వద్దు, నూనె బ్యాగంతా కారుతుంది.

బైకు గురించి ఒక్కటే చెప్తాను, నవ్వకుండా విను. వియత్నాంలో హా జాంగ్ కొండల్లో బైకు మీద తిరగాలని నీకు ఎప్పటినుంచో ఉందని తెలుసు. మన ఆర్టీవో ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ 1949 ఒప్పందం కిందది, వియత్నాం ఒప్పుకునేది 1968 ఒప్పందం కింద ఇచ్చినవాటినే. అంటే అక్కడ నువ్వు లైసెన్సు లేకుండా నడిపినట్టే లెక్క, పడి కాలు విరిగితే ఇన్సూరెన్సు పైసా ఇవ్వదు. అక్కడ ‘ఈజీ రైడర్’ అని స్థానికులే నడుపుతారు, వెనక కూర్చుని వెళ్ళు, లోయల్నీ కొండల్నీ కళ్ళారా చూడాలన్నా అదే మేలు. రాత్రి బస్సుల్లో ఊరికి తెల్లవారాక చేరేదే ఎంచుకో, చీకటుండగా దింపేసే బస్సు ఎంత చవకైనా వద్దు. కుక్క గానీ కోతి గానీ గీరినా పావుగంట సబ్బునీళ్ళతో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళు, చిన్న గీరే కదా అనుకోవద్దు.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న మాట. రెండో నెల చివర్లోనో మూడో నెలలోనో నీకు ఒక పొద్దున లేవాలనిపించదు. బయట ఎంత అందమైన ఊరున్నా సరే. ఇంకో గుడి, ఇంకో జలపాతం, ఇంకో రాత్రి బజారు, అన్నీ ఒకేలా కనిపిస్తాయి. డార్మ్‌లో, అంటే హాస్టల్లో పదిమందీ పంచుకునే గదిలో, మళ్ళీ కొత్త ముఖం, మళ్ళీ అదే ప్రశ్న, ఎక్కడినుంచి వచ్చావు, ఎన్నాళ్ళయింది, తర్వాత ఎక్కడికి. నేను ఇంత ఖర్చుపెట్టి వచ్చి ఇలా పడుకున్నానేంటి అని ఏడుపొస్తుంది, ఇన్‌స్టాలో మాత్రం నవ్వుతూ ఫొటో పెడతావు. దాదాపు అందరికీ వచ్చేదే ఇది, తిరగడం నీకు చేతకాదని అర్థం కాదు. మనసు కొత్తదనాన్ని కూడా అన్నంలాగే కొంతే అరిగించుకోగలదు. అది వచ్చిన రోజున తర్వాతి ఊరికి పరిగెత్తకు, ఉన్నచోటే ఆగిపో. డార్మ్ వదిలేసి నెలకి ఒక గది అద్దెకి తీసుకో, నెల అద్దె అడిగితే చాలాచోట్ల సగానికి సగం తగ్గిస్తారు. బట్టలు ఉతుక్కో, ఒకే టిఫిన్ బండి దగ్గరికి రోజూ వెళ్ళు, వారానికి ఆ బండి ఆవిడ నిన్ను చూడగానే అడక్కుండానే వడ్డిస్తుంది. ప్రయాణంలో నాకు దొరికిన సంతోషాల్లో ఎక్కువ భాగం అలా ఆగిపోయిన రోజుల్లోవే.

కంబోడియాలో సియెమ్ రీప్‌లో ఆగమని నా సలహా, అంకోర్ పాత ఆలయాలు చూడటానికి. అందరూ 37 డాలర్లు పెట్టి ఒక్కరోజు టికెట్ కొని, సూర్యోదయం ఫొటో తీసుకుని, మధ్యాహ్నానికి ఎండకి సోలిపోయి వెనక్కి వస్తారు. 72 డాలర్ల టికెట్‌తో నెల రోజుల్లో నీకు నచ్చిన ఏడు రోజులు వెళ్ళొచ్చు. అదే తీసుకో. ఒక రోజు వెళ్ళు, రెండు రోజులు గదిలో పడుకో, మళ్ళీ వెళ్ళు. అంకోర్ వాట్ తూర్పు గోడ మీద 49 మీటర్ల పొడవున క్షీరసాగర మథనం చెక్కారు, ఒక పక్క అసురులు, ఇంకో పక్క దేవతలు వాసుకిని పట్టుకుని లాగుతుంటారు. పడమటి గోడ మీద ఒకవైపు కురుక్షేత్రం, ఇంకోవైపు లంకా యుద్ధం. అమ్మమ్మ నీకు అన్నం తినిపిస్తూ చెప్పిన కథలన్నీ 12వ శతాబ్దంలో రెండో సూర్యవర్మన్ కాలం శిల్పులు ఇక్కడ రాతిలో చెప్పారు. ఏ గైడూ లేకుండా ఇది భీష్ముడు, అంపశయ్య మీద ఉన్నాడు అని నువ్వే గుర్తుపడతావు చూడు, అప్పుడు వచ్చే ఆనందం నేను చెప్తే చాలదు. మధ్యాహ్నం పూట వెళ్ళు, గుంపులు భోజనాలకి పోతాయి. వియత్నాంలో హోయ్ ఆన్‌లో ఉన్నప్పుడు ‘మీ సన్’ అనే చోటు కూడా అలాగే తాపీగా చూడు, పాతకాలం చంపా రాజ్యపు రాజుల శివాలయాలు, మన పురావస్తు శాఖ వాళ్ళే కొన్ని ఆలయాలు బాగుచేశారు, ఆ పనిలోనే 2020లో 9వ శతాబ్దపు ఇసుకరాతి శివలింగం బయటపడింది.

ఇంటి సంగతి. నువ్వు వెళ్ళే నాలుగు దేశాలూ మనకంటే గంటన్నర ముందుంటాయి, కాబట్టి అక్క రాత్రి ఎనిమిదింటికి భోజనం చేసేటప్పుడు నీకు తొమ్మిదిన్నర. వారానికి ఒక రోజు ఖాయం చేసి ఆ టైముకి ఫోన్ చెయ్, రోజూ చేస్తానని మాటివ్వకు, ఒక రోజు తప్పితే వాళ్ళు నిద్రపోరు. ఇంకోటి, బయల్దేరే ముందే వాళ్ళ దగ్గర మాట తీసుకో, ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా నీ దగ్గర దాచకూడదని. మా మామగారు పోయినప్పుడు నేను లావోస్‌లో ఉన్నాను. అంతకుముందు వారం నుంచే ఆయనకి బాగోలేదట, నేను టెన్షన్ పడతానని చెప్పలేదు. విమానాలు మారి మారి వచ్చి కర్మకాండకి అందుకున్నాను గానీ చివరి చూపు దక్కలేదు. ఆ బాధ నీకు వద్దు. పెళ్ళిళ్ళూ పురుళ్ళూ కొన్ని ఎలాగూ తప్పిపోతాయి, వీడియో కాల్‌లో అందరూ ఒకచోట కూర్చుని నవ్వుతుంటే నువ్వు ఏదో హాస్టల్ మెట్ల మీద కూర్చుని చూస్తావు. ఆ రాత్రి బాధగానే ఉంటుంది, ఉండనీ.

తిరిగొచ్చాక గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తాను. వచ్చిన పది రోజులు అందరూ కబుర్లు అడుగుతారు, ఆ తర్వాత నీ మాటలకి ఎవరికీ తీరిక ఉండదు, నీకేమో ఇక్కడి ట్రాఫిక్కూ ఆఫీసు ఇంటర్వ్యూలూ అన్నీ పరాయిగా ఉంటాయి. ఆ సమయంలో చేతిలో డబ్బు లేకపోతే మొదట దొరికిన ఉద్యోగంలో, ఇష్టం లేకపోయినా చేరిపోవాల్సి వస్తుంది. అందుకే ఇప్పుడే నాలుగు నెలల ఇంటి ఖర్చుకి సరిపడా తీసి వేరే ఖాతాలో వెయ్యి, ఆ ఖాతా కార్డు మాత్రం వెంట తీసుకెళ్ళకు, అక్క బీరువాలో పెట్టించు.

ప్రేమతో,
పిన్ని