టైరోన్ అనే పేరు ఎక్కడిది?

అమెరికాలో మగపిల్లలకు పెట్టే టైరోన్ అనే పేరు ఏ భాషదని అడిగారు. అది మొదట మనిషి పేరు కాదు, ఒక ప్రాంతం పేరు. ఉత్తర ఐర్లాండ్‌లోని ఆరు కౌంటీల్లో విస్తీర్ణంలో పెద్దది టైరోన్. ఐరిష్‌లో ‘తీర్ ఓయిన్’, అంటే ఓయిన్ వంశీకుల నేల. అక్కడ శతాబ్దాల పాటు ఏలినవాళ్లు ఓనీల్‌లు. వారిలో హ్యూ ఓనీల్ ఇంగ్లండ్‌తో తొమ్మిదేళ్ల యుద్ధం నడిపి, 1603లో లొంగిపోయి, 1607లో దేశం విడిచి వెళ్లాడు. ఆ ప్రాంత చరిత్రలో అంతకంటే బాధాకరమైన మలుపు నాకు కనిపించదు. దాని తర్వాతే బ్రిటన్ నుంచి వలసదారులను తెచ్చి ఆ భూముల్లో స్థిరపరిచారు.

వ్యక్తి పేరుగా దీన్ని అందరికీ తెలిసేలా చేసింది రంగస్థల నటుడు టైరోన్ పవర్. ఆయన పుట్టింది మాత్రం టైరోన్‌లో కాదు, దక్షిణాన వాటర్‌ఫర్డ్ కౌంటీలో. అమెరికాలోనూ నాటకాలాడి పేరు తెచ్చుకున్నాడు. 1841లో న్యూయార్క్ నుంచి తిరిగి వస్తుండగా ‘ప్రెసిడెంట్’ అనే ఓడతో పాటు సముద్రంలో గల్లంతయ్యాడు. ఆ పేరును కుటుంబం వదల్లేదు. ముని మనవల్లో ఒకరు హాలీవుడ్ హీరో టైరోన్ పవర్ (1914–1958), మరొకరు నాటక దర్శకుడు టైరోన్ గుత్రీ. 20వ శతాబ్దంలో ఈ పేరు బాగా వ్యాపించడంలో ఆ హీరో ఖ్యాతికి పెద్ద పాత్రే ఉంది. తర్వాత ఆఫ్రికన్ అమెరికన్ కుటుంబాలు దీన్ని ఎక్కువగా పెట్టుకున్నాయి.

కౌంటీగా టైరోన్‌కు 1973 నుంచి పాలనా అధికారాలు లేవు. అయినా గేలిక్ ఫుట్‌బాల్ జట్టు ఇప్పటికీ ఆ పేరుతోనే ఆడుతుంది, 2021లో అఖిల ఐర్లాండ్ టైటిల్ కూడా గెలిచింది.