రాగులు చల్లి చూడండి

తిరుపతి,
నవంబరు 16, 2026

అమ్మాయీ,

ప్రభువు నామంలో నీకూ అల్లుడికీ పిల్లలకూ శుభాలు. మొన్న ఫోన్లో, "పెద్దమ్మా, క్రిస్మస్ కోసం ఎదురుచూసే ఈ నాలుగు వారాల అడ్వెంట్‌ను ఈసారి ఇంట్లో సరిగ్గా చేద్దామనుకుంటున్నా" అన్నావు. ఆ 'సరిగ్గా' అన్న మాటకే నాకు భయమేసింది. నేనూ అట్లాగే మొదలుపెట్టినదాన్ని. మా పెద్దోడికి ఐదేళ్లప్పుడు ఇరవై నాలుగు అగ్గిపెట్టెలకు రంగు కాగితాలు అంటించి, ఒక్కోదాంట్లో ఒక వాక్యం, ఒక వేరుశనగ ఉండ పెట్టి గోడకు వేలాడదీశాను. డిసెంబరు మూడో తేదీకే చీమలు పట్టాయి. తొమ్మిదో తేదీకి నాకే ఓపిక అయిపోయింది. ఆ అగ్గిపెట్టెలు సంక్రాంతి దాకా గోడ మీదే ఉన్నాయి, నన్ను వెక్కిరిస్తూ.

అందుకని ముందే చెబుతున్నా. మీవాళ్లకు ఆరేళ్లు, మూడేళ్లు. రోజుకు ఐదు నిమిషాలు చాలు. రాత్రి సంగటి తిన్నాక, చాపలు పరిచేముందు, రోజూ అదే వేళకు. ఆదివారం ఒక్కరోజు పది నిమిషాలు చేసుకో.

మొదటి ఆదివారం ఎప్పుడో లెక్క తెలుసుగా? క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలు వెనక్కి లెక్కపెట్టుకోవడమే. ఈ ఏడు క్రిస్మస్ శుక్రవారం, కాబట్టి నవంబరు 29న మొదలు. ఒక్కో ఏడు డిసెంబరు 3 దాకా జరుగుతుంది.

దీపాల సంగతి. చుట్టూ ఆకులు, మధ్యలో నాలుగు కొవ్వొత్తులు, వారానికొకటి ఎక్కువ వెలిగించడం నువ్వు చర్చిలో చూసిందే. దీని పుట్టుక పిల్లలకు చెప్పు, వాళ్లకు బాగా నచ్చుతుంది. 1839లో జర్మనీలోని హాంబర్గ్‌లో పేదపిల్లల కోసం ఒక ఆశ్రమం నడిపే విఖెర్న్ అనే పాస్టరుగారు ఉండేవారు. పిల్లలు రోజూ "క్రిస్మస్ వచ్చేసిందా, వచ్చేసిందా" అని ప్రాణం తీస్తుంటే, ఆయన ఒక పాత బండిచక్రం తెప్పించి దాని మీద కొవ్వొత్తులు పెట్టించాడు. మామూలు రోజులకు చిన్నవి, ఆదివారాలకు నాలుగు పెద్దవి. రోజుకొకటి వెలిగిస్తూ, ఇంకా ఎన్ని మిగిలాయో మీరే లెక్కపెట్టుకోండి అన్నాడు. తర్వాత ఇళ్లలో ఆ నాలుగే మిగిలాయి. అంటే ఇది మొదట్నుంచీ తొందరపడే పిల్లల కోసం పుట్టినదే. మా తిరుపతి పక్క లూథరన్ సంఘాలకు పునాది వేసినవాళ్లు కూడా జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ నుంచి వచ్చిన మిషనరీలే. అందుకే ఇది మనకు మరీ పరాయిదిగా నాకు అనిపించదు.

అడ్వెంట్‌కు వాడే ఊదారంగు కొవ్వొత్తుల కోసం చిత్తూరు బజారంతా తిరగొద్దు. తెల్లవి చాలు, కింద ఊదా రవికె గుడ్డ పరిస్తే సరిపోతుంది. ఇంకా చెప్పాలంటే, మొన్న కార్తీకానికి అమ్మిన మట్టి ప్రమిదలు మిగిలుంటాయి, అవి నాలుగు తెచ్చుకున్నా తప్పులేదు. ఇత్తడి తాంబాళంలో ఇసుక పోసి తడిపి, అందులో నిలబెట్టు. చుట్టూ సరుగుడు కొమ్మలు పెట్టుకో, కానీ వారం తిరిగేసరికి అవి ఎండుతాయి, మార్చెయ్. థర్మకోల్ మాత్రం దరిదాపులకు రానివ్వకు. ఫ్యాను ఆపు. అగ్గిపుల్ల గీసేది అల్లుడు, ఆర్పేది పిల్లలు. ఎవరి వారం ఎవరిదో మొదటిరోజే తేల్చకపోతే ప్రార్థన కాస్తా పంచాయితీ అవుతుంది.

నాలుగు దీపాలకు నిరీక్షణ, సమాధానం (అంటే శాంతి), సంతోషం, ప్రేమ అని పేర్లు పెడతారు. పెద్దవాళ్లకు బాగుంటుంది. మూడేళ్లదానికి 'సమాధానం' అంటే టీచరు అడిగినదానికి చెప్పేది. నువ్వు ఇంకో వరస తీసుకో: ప్రవక్తలు, బేత్లెహేము, గొల్లలు, దూతలు. అందులో కథ ఉంది. ఒక్క 'నిరీక్షణ' మాత్రం వదలకు. వేరే భాషల్లో ఎట్లా ఉందో గానీ, మన బైబిల్లో ఆశకూ, మామూలు తెలుగులో ఎదురుచూడటానికీ ఆ ఒక్కమాటే.

చదవడానికి బైబిల్లో లూకా సువార్త మొదటి రెండు అధ్యాయాలు చాలు, ముక్కలు ముక్కలుగా. లూకాలో ఇరవై నాలుగు అధ్యాయాలున్నాయి కదా, రోజుకొకటి అని కొందరు డిసెంబరు 1 నుంచి చదువుతారు. అది నువ్వూ అల్లుడూ పిల్లలు పడుకున్నాక చేసుకోండి. పిల్లలకు జెకర్యా కథ ఆటగా ఆడించు. దూత మాట నమ్మక మూగవాడైన తాతను చేయమంటే పెద్దోడు అన్నం కూడా సైగలతోనే అడుగుతాడు, చూడు. బిడ్డ పుట్టాక పేరు పలక మీద రాస్తాడు కదా, వాడి పలక ఇచ్చి 'యోహాను' అని రాయించు. దీర్ఘం తప్పిపోయినా ఆ రోజుకు దిద్దొద్దు.

ఇక రాగులు. ఏదీ కుదరకపోయినా ఇది మాత్రం చెయ్యి. డిసెంబరు 12, శనివారం రాత్రి గుప్పెడు రాగులు నానబెట్టు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక, అడుగున చిల్లులున్న పాత ట్రేలో రెండు వేళ్ల మందాన మట్టి పోసి, పిల్లల చేత చల్లించు. పైన పలచగా మట్టి, తడిగుడ్డ కప్పు. నీళ్లు పొయ్యకూడదు, చేత్తో చిలకరించాలి. మొలక కనిపించాక గుడ్డ తీసి కిటికీ దగ్గర పెట్టు. క్రిస్మస్ నాటికి, యేసయ్య పుట్టిన పశువుల పాక బొమ్మ ముందు పచ్చటి కసువు సిద్ధం. మీ చిత్తూరులో మంచు పడితే ఇంకాస్త ఆలస్యమవుతుంది, అవనీ. రెండోరోజే చిన్నది తవ్వి చూస్తుంది, ఖాయం. దానికి వేరే కొబ్బరిచిప్పలో నాలుగు గింజలు వేసివ్వు, తవ్వితే దాన్నే తవ్వుకుంటుంది.

పాకలో బాలయేసును పడుకోబెట్టే తొట్టి 24 రాత్రి దాకా ఖాళీగానే ఉండాలి. పిల్లలు ఏదైనా మంచిపని చేస్తే ఒక గడ్డిపరక అందులో వేస్తారు. కానీ అల్లరి చేశారని వేసిన పరక తీసెయ్యకు. నేను ఒకసారి తీశాను. "అయితే యేసయ్య కటిక నేల మీద పడుకోవాలా" అని మావాడు ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. బాలయేసును చూడటానికి వచ్చే జ్ఞానుల బొమ్మలను మొదటిరోజే పాక దగ్గర పెట్టొద్దు. వంటింటి గూట్లో మొదలుపెట్టించి రోజూ కాస్త జరుపు. వాళ్ల రాకను తలుచుకునే జనవరి 6కు చేరితే చాలు, అప్పటిదాకా పండగ అయిపోయిందన్న దిగులు కూడా ఉండదు.

క్యారల్స్‌కు వెళ్లే రాత్రుళ్లు, వాన పడి కరెంటు పోయి చిరాకుగా ఉన్న రాత్రుళ్లు, ఒంట్లో బాగాలేని రాత్రుళ్లు మానేయండి. మర్నాడు రెండు రోజులవీ కలిపి చదవొద్దు, హోంవర్కు అయిపోతుంది. పదహారో తేదీ అటూ ఇటూగా ధనుర్మాసం వస్తే మీ వీధంతా పొద్దున్నే ముగ్గులు, తిరుప్పావై. "వాళ్లూ ఎదురుచూస్తున్నారా అమ్మా" అని అడుగుతారు. "అవును, వాళ్ల పండక్కి వాళ్లు" అని చెప్పు. కజ్జికాయలు చేసినరోజు ఆ ఇళ్లకు పిల్లలచేతే పంపు.

బొమ్మలు కొనొద్దు. కొండ కింద రాజారాణి అని అమ్మే చెక్కబొమ్మలు మా ఇంట్లో ఒక జత ఉంది. పాతచీర పేలికలు చుట్టి మేము వాటినే మరియ, యోసేపు చేసుకునేవాళ్లం. ఆవూ దూడా మాత్రం పక్కింటి దసరా కొలువులోంచి అరువు. ఆ జతను వచ్చే శనివారం మీ పెదనాన్నతో పంపిస్తున్నా. మరియకు ముక్కు విరిగి ఉంటుంది. మీ అమ్మే విరగ్గొట్టింది, నాలుగేళ్ల వయసులో. అడిగితే నేనని చెబుతుంది, నమ్మకు.

మీ పెద్దమ్మ