కోటలు తర్వాత చూడొచ్చు, ముందు మనుషులున్న దారి పట్టు

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో ఎమ్మెస్సీకి వచ్చి ఆరు వారాలైంది. మన దగ్గర రోజూ పొద్దున్నే పరిగెత్తే అలవాటుంది. ఇక్కడ సముద్రం పక్కనే కోటలూ లైట్‌హౌస్‌లూ ఉన్న దారుల్లో పరిగెత్తొచ్చని విన్నాను. ఏ దారులు బాగుంటాయి? ఒక్కణ్ణే వెళ్లొచ్చా? ఎలాంటి బూట్లు కొనాలి అంకుల్?

జవాబు: తమ్ముడూ, అంకుల్ అన్నావు, సరే, జుట్టు తెల్లబడిన మాట నిజమే. దారుల గురించి, బూట్ల గురించి అడిగినవి తేలికైన ప్రశ్నలు. మధ్యలో ఇరికించావు చూడు, ఒక్కణ్ణే వెళ్లొచ్చా అని, దానికే పెద్ద జవాబు కావాలి. ఆరు వారాల్లో ఎంతమందితో మాట్లాడావో నువ్వు రాయలేదు. రాయలేదంటేనే నాకు అర్థమైంది.

నేను 2007 సెప్టెంబర్‌లో వచ్చాను. అప్పుడు వాట్సాప్ లేదు, ఇంటికి ఫోన్ చేయాలంటే కార్డు గీకి నంబర్లు నొక్కాలి. మీకు ఇప్పుడు రోజుకు మూడుసార్లు అమ్మ మొహం కనిపిస్తుంది కాబట్టి ఒంటరితనం ఉండదనుకుంటారు. ఉంటుంది. డిసెంబర్ రానీ, మధ్యాహ్నం మూడు నలభైకే సూర్యుడు వెళ్లిపోతాడు. క్లాసులు లేని వారంలో ఒకసారి నాలుగు రోజులు నా నోట్లోంచి మాట రాలేదు. ఐదో రోజు షాపులో సంచి కావాలా అని అడిగితే గొంతు పెగల్లేదు. ఆ రోజే టైన్‌మత్‌కి మెట్రో ఎక్కాను, సముద్రం పక్కన పరిగెడితే మనసు తేలికవుతుందని.

అవ్వలేదు. ఎందుకో చెప్తాను. గట్టు మీద ఎదురుగా వస్తున్న పెద్దాయన, మెళ్లో టవలు, నన్ను చూసి ‘ఆల్ రైట్?’ అన్నాడు. పాపం, నా మొహం చూసి అడిగాడనుకుని ఆగిపోయాను. కొంచెం బాగోలేదండీ, ఇంటి మీద బెంగ అని చెప్పడం మొదలుపెట్టాను. తలెత్తి చూస్తే ఆయన ఇరవై గజాలు దాటిపోయాడు. అది ఇక్కడ పలకరింపు మాత్రమే అని నాకు తెలియడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. నువ్వు కూడా ‘ఆల్ రైట్’ అనేసి పరుగు ఆపకుండా వెళ్లు.

అయినా నీకు నేను మొదట చెప్పే దారి అదే. టైన్‌మత్ స్టేషన్ నుంచి సెయింట్ మేరీస్ లైట్‌హౌస్ దాకా, ఏడు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. స్టేషనే 1882 నాటిది, గాజు కప్పు, ఇనప స్తంభాలు. శని, ఆదివారాల్లో ప్లాట్‌ఫాం మీదే సంత పెడతారు. అక్కడి నుంచి ఐదు నిమిషాల్లో కొండకొమ్ము మీద పాడుబడిన ప్రయరీ, అంటే క్రైస్తవ సన్యాసుల మఠం, దాని చుట్టూ కోటగోడ కనిపిస్తాయి. ముగ్గురు రాజులను అక్కడ సమాధి చేశారని చెప్తారు. తర్వాత లాంగ్ శాండ్స్ ఇసుక, ఆ తర్వాత కల్లర్‌కోట్స్. విన్‌స్లో హోమర్ అనే అమెరికన్ చిత్రకారుడు 1881లో అక్కడికొచ్చి మరుసటి ఏడాది దాకా ఉండి, చేపలు పట్టేవాళ్ల ఆడవాళ్ల బొమ్మలు వేశాడు. ఇంకా ముందుకెళ్తే విట్లీ బేలో 1910లో కట్టిన స్పానిష్ సిటీ తెల్ల గుమ్మటం. చివర్న 1898లో కట్టిన లైట్‌హౌస్, చిన్న దీవి మీద ఉంటుంది. 1984 నుంచి దీపం వెలగడం లేదు. పోటు వచ్చినప్పుడు దీవికి వెళ్లే దారి మునుగుతుంది, గట్టు మీది బోర్డులో వేళలు రాసి ఉంటాయి, చూసుకో. అలిసిపోతే మధ్యలో ఎక్కడైనా మెట్రో ఎక్కి తిరిగి రావొచ్చు.

దీన్నే మొదట ఎందుకు చెప్తున్నానంటే, ఆ దారిలో మనుషులుంటారు. వానలోనూ ఉంటారు. నేను దారులకు మార్కులు వేసేది కోటను బట్టి కాదు, కిలోమీటరుకు ఎంతమంది ఎదురవుతారన్నదాన్ని బట్టి. మా ఇంట్లో నవ్వుతారు. నవ్వనీ.

గాలి సంగతి ఒకటి చెప్పాలి. మొదటిసారి గాలి వీపు మీద పెట్టుకుని లైట్‌హౌస్ దాకా ఎగురుకుంటూ వెళ్లాను, నా అంత వీరుడు లేడనుకున్నాను. వెనక్కి తిరిగాక తెలిసింది. చెమట పట్టిన చొక్కాకి చల్లగాలి ఎదురుగా కొడుతుంటే గంటన్నర నడిచాను, పళ్లు టకటకలాడాయి. పోయేటప్పుడు గాలికి ఎదురుగా, వచ్చేటప్పుడు గాలి వెనకాల, అంతే. ఇంకో సంగతి, ఊళ్లో ఎండగా ఉన్నా తీరంలో పొగమంచు కమ్మేయొచ్చు. దీన్ని ఇక్కడివాళ్లు ఫ్రెట్ అంటారు. ఏప్రిల్, మే నెలల్లో ఎండను నమ్మి బనియన్‌తో దిగొద్దు.

ఇక ఫోటోల్లో అందరూ చూపించేది డన్‌స్టన్‌బరో కోట. క్రాస్టర్ అనే చేపల పల్లెలో బస్సు దిగి, గొర్రెలు మేసే గడ్డినేల మీద రెండు కిలోమీటర్లు. కోట దాకా కారు రోడ్డు లేదు, కాళ్ల మీదే పోవాలి. ఎడమ పక్క గొర్రెలు, కుడి పక్క నల్లరాళ్ల మీద అలలు, ఎదురుగా విరిగిన పళ్లలా రెండు బురుజులు. కోటను దాటి ఎంబుల్టన్ బే ఇసుక మీదకు దిగి వెనక్కి తిరిగి చూస్తే ఇంకా బాగుంటుంది. దాన్ని లాంకాస్టర్ ప్రభువు థామస్ 1313లో కట్టడం మొదలుపెట్టాడు, రాజుగారితో పడక. రాజు రెండో ఎడ్వర్డ్ వరసకు అన్నదమ్ముడే. 1322లో థామస్ తల తీసేశారు. అంత దూరంలో ఎవరూ లేని చోట కోట కట్టుకుని ఏం బావుకున్నాడని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

నేను అక్కడికి మొదటిసారి వెళ్లింది డిసెంబర్ ఆదివారం. టైమ్‌టేబుల్‌లో సోమవారం నుంచి శనివారం వరకు ఉన్న గడి చూసుకుని వెళ్లాను. కోట దగ్గర పావుగంట ఎక్కువ నిలబడ్డాను, ఎందుకంటే తొందరగా వెళ్లి చేసేదేముంది, గదిలో ఎవరున్నారు? క్రాస్టర్‌కి తిరిగొచ్చేసరికి చీకటి. స్టాపులో గంటసేపు నిలబడ్డాను, ఆ రోజు ఆ వేళకు బస్సే లేదు. ఫోన్‌లో సిగ్నల్ లేదు. చివరికి పబ్‌లోకి వెళ్లి అడిగితే అక్కడి ఆవిడ టాక్సీ పిలిచింది, ఆల్న్‌మత్ రైల్వేస్టేషన్ దాకా 25 పౌండ్లు. నెల కూరగాయల డబ్బు. కానీ టాక్సీ వచ్చేలోపల ఆవిడ నన్ను పొయ్యి పక్కన కూర్చోబెట్టి, కుక్కను చూపించి, అరగంట మాట్లాడింది. ఆ 25 పౌండ్లు నాకిప్పటికీ దండగ అనిపించవు. నువ్వు మాత్రం ఆదివారం బస్సులు వేరుగా చూసుకో.

బాంబరో కూడా అడుగుతావు, అడక్కముందే చెప్తాను. సీహౌసెస్ నుంచి బాంబరో దాకా ఇసుక మీద ఐదు కిలోమీటర్లు, ఆటు వేళ గట్టి ఇసుక, కాలు దిగదు. పోటు వేళ మెత్తటి ఇసుకలో పరిగెడితే పిక్కలు పట్టేస్తాయి. ఎదురుగా నల్లరాతి గుట్ట మీద కోట అంతసేపూ కనిపిస్తూనే ఉంటుంది, దగ్గరకు రాదు. 1894లో దాన్ని కొన్నది మన న్యూకాసిల్ పారిశ్రామికవేత్త ఆర్మ్‌స్ట్రాంగే. కుడివైపు సముద్రంలో ఫార్న్ దీవులు. లైట్‌హౌస్ కాపరి కూతురు గ్రేస్ డార్లింగ్ 1838లో తుఫానులో పడవ వేసుకుని, ఫార్ఫర్‌షైర్ అనే ఓడ బద్దలైన చోటికి వెళ్లింది అక్కడే. అక్కడ రాతి మీద చిక్కుకున్న తొమ్మిది మంది బతికారు. ఆమె కథ పిల్లల పుస్తకాల్లో ఒక్కతే వెళ్లినట్టు చెప్తారు గానీ, తండ్రితో కలిసి తెడ్డు వేసింది. గమనించు. నాలుగేళ్లకే, 26 ఏళ్ల వయసులో పోయింది. సమాధి బాంబరో చర్చి ఆవరణలో ఉంది.

బీడ్‌నెల్ నుంచి లో న్యూటన్ వైపు మే, జూన్, జూలైల్లో పరిగెడితే ఆర్కిటిక్ టెర్న్ పిట్టలు గుడ్ల కాపలాలో ఉంటాయి, నెత్తిన పొడుస్తాయి. నన్ను పొడిచాయి. టోపీ పెట్టుకో, కాపలావాళ్లు చూపించిన దారిలోనే వెళ్లు.

ఇప్పుడు హోలీ ఐలండ్. ఈ ఒక్కటీ సరిగా చదువు.

635లో సన్యాసులు మఠం కట్టుకున్న దీవి, 793లో వైకింగులు కొల్లగొట్టింది. రోజుకు రెండుసార్లు సముద్రం దీవికి వెళ్లే రోడ్డును మింగేస్తుంది. నేను రెండో ఏడాది వేసవిలో వెళ్లాను, అప్పటికి అన్నీ తెలుసుననే పొగరు. పత్రికలో హై టైడ్ మూడు గంటలకు అని చూశాను. ఒంటిగంటకు దాటేస్తే చాలదా అనుకున్నాను. పోటు పూర్తయ్యేదాకా నీళ్లు ఆగుతాయా? గంటల ముందే రోడ్డెక్కుతాయి. చూడాల్సింది హై టైడ్ వేళ కాదు, కౌన్సిల్ వాళ్లు వేరుగా ఇచ్చే దాటే వేళలు. బీల్ అనే పల్లె దగ్గర రోడ్డు దిగి పరిగెత్తుతుంటే, ముందు కాళ్ల కింద పలచగా మెరుపు కనిపించింది. వాననీళ్లేమో అనుకున్నాను. వంతెన పక్కన, చిక్కుకున్నవాళ్లు ఎక్కి కూర్చోవడానికి కర్రల మీద కట్టిన తెల్ల గది ఉంటుంది, దాని దగ్గరికొచ్చేసరికి మడమ మునిగింది. ఆఖరి నిమిషంలో దీవి నుంచి బయటపడుతున్న ముసలి దంపతులు వ్యాన్ ఆపి, ‘గెట్ ఇన్, పెట్’ అన్నారు. ‘పెట్’ అంటే ఇక్కడ ‘బాబూ’ లాంటి పిలుపు.

ఇద్దరూ తిట్టలేదు. ఆవిడ టవలిచ్చి ఒకటే అడిగింది. ఇక్కడికి వస్తున్నట్టు ఎవరికి చెప్పావు?

ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరూ లేరు. నేను ఊళ్లో నా గదికి తిరిగి వెళ్లకపోతే సోమవారం ల్యాబ్‌లో ఎవరైనా అడుగుతారేమో, అంతకుముందు ఎవరికీ తెలియదు. నీళ్లకు అంత భయపడలేదు గానీ, వ్యాన్ వెనక సీట్లో కూర్చుని ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటుంటే కాళ్లు వణికాయి.

అందుకే నీ మధ్య ప్రశ్నకు జవాబు ఇది: టైన్‌మత్ ఒక్కడివే వెళ్లు. బాంబరో వేసవిలో వెళ్లొచ్చు. డన్‌స్టన్‌బరోకి చలికాలంలో తోడు కావాలి. హోలీ ఐలండ్‌కి తోడు లేకుండా వద్దే వద్దు. ఎక్కడికెళ్లినా ఒక మనిషికి మెసేజ్ పెట్టు, ఏ దారి, ఎన్నింటికి తిరిగొస్తాను అని. ఇంట్లో అమ్మకు కాదు, ఆవిడకు టెన్షన్ తప్ప ఉపయోగం లేదు, ఈ ఊళ్లో ఉన్నవాళ్లకు. అలాంటి మనిషి లేకపోతే ముందు ఆ మనిషిని సంపాదించు, కోటలు వందల ఏళ్లుగా అక్కడే ఉన్నాయి.

ఎలా అంటావా? శనివారం పొద్దున తొమ్మిదికి ఊళ్లోని టౌన్ మూర్ మైదానంలో పార్క్‌రన్ అని అందరూ కలిసి పరిగెడతారు. ఐదు కిలోమీటర్లు, పైసా ఖర్చు లేదు, ఒకసారి పేరు నమోదు చేసుకుంటే బార్‌కోడ్ ఇస్తారు. మొదటి మూడు వారాలు నీతో ఎవరూ మాట్లాడరు. నేను మూడో వారం మానేశాను, ఏడాది పోగొట్టుకున్నాను. నువ్వు నాలుగో వారం కూడా వెళ్లి, అయిపోయాక కాఫీకి వెళ్లేవాళ్ల వెనకాల సిగ్గుపడకుండా వెళ్లు. ఇంకో చిట్కా, తీరంలో కుక్కల్ని నడిపించేవాళ్లను పలకరించాలంటే ముందు కుక్క పేరు అడుగు. నాకు మనుషుల పేర్లకంటే ముందు ఆరు కుక్కల పేర్లు తెలుసు. అందులో ఒక కుక్క యజమాని తర్వాత నా పెళ్లికి వచ్చాడు. అన్నట్టు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వెళ్తే ఇదేదీ జరగదు, తీసేయ్.

ఇలా మొదలుపెట్టినవాణ్ణి గ్రేట్ నార్త్ రన్ ఆరుసార్లు పూర్తి చేశాను. 1981 నుంచి జరుగుతున్న హాఫ్ మారథాన్ అది, సౌత్ షీల్డ్స్‌లో సముద్రం దగ్గర అయిపోతుంది. నీకూ వస్తుంది, ఏముంది అందులో.

కోట టికెట్లు, బస్సు చార్జీలు ఇవన్నీ అధికారిక వెబ్‌సైట్లలో ఉన్నాయి, ఏటా మారుతుంటాయి కాబట్టి అక్కడే చూసుకో. గేటు తీస్తే మూసెయ్యి, గొర్రెపిల్లల మధ్య నుంచి పరిగెత్తకు. తీరంలో ప్రమాదమైతే 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ కావాలని అడుగు.

బూట్లా? విట్లీ బే దారికి మామూలు ట్రైనర్స్ చాలు, సిమెంటు బాటే. క్రాస్టర్ గడ్డి తడిసి జారుతుంది, అడుగున గాట్లున్నవి కావాలి. కొత్తవి ఇప్పుడే కొనకు. ఏ షాపులో కొనాలో శనివారం పార్క్‌రన్‌లో పక్కనున్నవాణ్ణి అడుగు. నీకు తెలిసినా సరే, అడుగు.