ముందువైపు బాల్కనీ గది తీసుకోవచ్చా? – సమాధానం

వైజాగ్ నుంచి చెన్నైకి ఓడలో వెళ్తున్నాం, ముక్కువైపు చూసే బాల్కనీ గది మంచిదా అని అడిగారు. అమ్మగారికి బస్సులోనే కడుపులో తిప్పుతుందని మీరే రాశారు కాబట్టి, వద్దండీ. అలలకు ఓడ తూగుడుబల్లలా లేచి పడుతుంది. ఆ ఊపు ముక్కు దగ్గరే ఎక్కువ. మధ్యభాగంలో, కింది అంతస్తుల్లో బాగా తక్కువ.

ఇంకోటి గాలి. ఓడ 18 నాట్ల (ఓడల వేగానికి వాడే కొలత) వేగంతో నడిస్తే గంటకు 33 కిలోమీటర్లు. ఆకు కదలని రోజు కూడా అంత గాలి మొహానికి కొడుతుంది. దానికి ఎదురుగాలి తోడైతే బాల్కనీ తలుపు తీయడమే కష్టం, ఒక్కోసారి సిబ్బందే వెళ్లొద్దంటారు. గది తలుపు, బాల్కనీ తలుపు ఒకేసారి మాత్రం తెరవకండి. గాలి దూసుకొచ్చి తలుపు దబ్బున పడుతుంది, సందులో వేళ్లుంటే నలిగిపోతాయి. కుర్చీ మీద ఆరేసిన తువ్వాలు ఇక దొరకదు.

చాలా ఓడల్లో ముందువైపు రెయిలింగ్ గాజు కాదు, ఉక్కు గోడ. కూర్చుంటే సముద్రం కనపడదు. ఓడ నడిపేవాళ్ల చూపుకు అడ్డురాకుండా రాత్రి లైట్లు ఆర్పి కర్టెన్లు వేసుకోవాలి.

డెక్ ప్లాన్‌లో, అంటే ఏ అంతస్తులో ఏ గది ఎక్కడుందో చూపే పటంలో, మధ్యభాగం చూసి, ఓడ పక్కవైపుకి ఉండే బాల్కనీ గది అడగండి. వెళ్లేటప్పుడు కుడివైపు పడమర. ఆర్కే బీచ్‌లో సూర్యోదయం ఎటూ చూస్తాం, సముద్రంలో పొద్దు గుంకడం మనకు దొరికేది అలా దూరంగా వెళ్లినప్పుడే. కుడివైపే తీసుకోండి.