థీసిస్ గైడ్‌ని హెచ్-ఇండెక్స్ చూసి ఎంచుకోవచ్చా?

మీ చెల్లెలికి విశాఖలో మెడికల్ పీజీ సీటు వచ్చిందనీ, పరిశోధన పేపర్లు వెతికే గూగుల్ స్కాలర్‌లో ఒక సారుకి హెచ్-ఇండెక్స్ (పేపర్లు ఎన్నిసార్లు ఉదహరణకు వచ్చాయో చూసి వేసే అంకె) 31, ఒక మేడమ్‌కి 7 ఉన్నాయనీ, సారునే గైడ్‌గా అడగమని ఇంట్లో అంటున్నారనీ రాశారు. తొందరపడకండి. ముందు ఆ 31 అచ్చంగా ఆయనదేనా చూడండి.

ఊరికే అనడం లేదు. నేను ఇక్కడే కమ్యూనిటీ మెడిసిన్ చెబుతాను. కొన్నేళ్ల కిందట ప్రమోషన్ కాగితాలు సర్దుకుంటూ ఒక రాత్రి నా ప్రొఫైల్ తెరిస్తే సైటేషన్లు (నా పేపర్లని వేరే పేపర్లలో ఉదహరించిన లెక్క) మూడింతలై ఉన్నాయి. ఒక్కొక్కటీ చదువుకుంటూ కిందికి వెళ్లాను. మలేరియా సర్వే నాదే. పాడేరు వైపు గర్భిణుల్లో రక్తహీనత నాదే. వాటి మధ్యలో, ఉక్కు తుప్పు పట్టకుండా వేసే పూతల మీద పదకొండు పేపర్లు! నా పేరూ నా ఇనీషియలూ ఉన్న ఇంకెవరో ఇంజినీరువి. అన్నీ తీసేసి పడుకునేసరికి ఒంటిగంట దాటింది.

మన పేర్లతో వచ్చే చిక్కు ఇది. మనకి ఇంటిపేరు ముందుంటుంది, అదీ పొడి అక్షరంగా. డేటాబేసులు చివరి మాటే ఇంటిపేరనుకుంటాయి. దాంతో 'రావు కె', 'లక్ష్మి పి' కింద ఎంతోమంది ఒకే కుప్పలో పడతారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఫిస్క్ అనే జీవరసాయన శాస్త్రవేత్తతో కలిసి 1925లో రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి రాశారు. నీలం రంగు ఎంత చిక్కబడిందో చూసి లెక్కకట్టడం. వైద్య విద్యార్థులు తరతరాలుగా బయోకెమిస్ట్రీలో చదివిన పేరు అది. సైటేషన్లలో మాత్రం ఆయన 'సుబ్బారో వై', ఇంటిపేరు ఒక్క అక్షరమైంది. సారుకి ఓర్కిడ్ నంబరు (ఒక్కో పరిశోధకుడికి విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉంటే దాన్ని పట్టుకుని చూడండి, ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది.

ఇక ఆ అంకె సంగతి. 31 అంటే, ఒక్కొక్కటీ కనీసం 31 సార్లు ఉదహరణకు వచ్చిన పేపర్లు 31 ఉన్నాయని. 2005లో దీన్ని ప్రతిపాదించిన హిర్ష్ భౌతిక శాస్త్రవేత్త. వయసుతో పెరగడమే గానీ తగ్గని అంకె ఇది. క్యాన్సర్ మీద పనిచేసేవారికీ ఫోరెన్సిక్ వారికీ పోలికే లేదు, చదివి ఉదహరించేవాళ్ల సంఖ్యే వేరు. వందలమంది పేర్లున్న అంతర్జాతీయ పేపర్లో నూట నలభయ్యో పేరుకీ సైటేషన్లన్నీ జమవుతాయి. పైగా గూగుల్ స్కాలర్ థీసిస్‌లనూ లెక్కేస్తుంది కాబట్టి, ఎంపిక చేసిన పత్రికలనే ఎక్కువగా చూసే స్కోపస్ డేటాబేసులో కన్నా అక్కడ అంకె మామూలుగానే ఎక్కువ.

ఉదహరించారంటే మెచ్చుకున్నారనీ కాదు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకి వేసే ఎంఎంఆర్ టీకాకీ ఆటిజానికీ ముడిపెడుతూ వేక్‌ఫీల్డ్ అనే బ్రిటిష్ డాక్టర్ 1998లో 12 మంది పిల్లల మీద రాసిన పేపర్‌ని, దాన్ని అచ్చేసిన లాన్సెట్ వైద్య పత్రిక 2010లో రద్దు చేసింది. దానికి సైటేషన్లు కొల్లలు, ఎక్కువభాగం తప్పుపడుతూ రాసినవే.

మీ చెల్లెలికి పనికొచ్చేది వేరే ఉంది. వైద్య పేపర్లు వెతికే పబ్‌మెడ్ సైట్‌లో ఇద్దరివీ గత ఐదేళ్ల పేపర్లు తెరవమనండి. వైద్య పరిశోధనలో సాధారణంగా మొదటి పేరు పని చేసినవాళ్లది, చివరి పేరు నడిపించిన పెద్దవాళ్లది. మొదటి పేరు పీజీ విద్యార్థిదై, చివర గైడ్ పేరున్నవి ఎన్ని? నన్నడిగితే గైడ్ విషయంలో దీన్ని మించిన కొలత లేదు.

నా థీసిస్ గైడ్ మేడమ్‌కి అప్పట్లో పెద్ద పేరేమీ లేదు. నా థీసిస్ రెండో టేబుల్లో శాతాలు కూడితే 98 వచ్చింది. ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, "ఆ ఇద్దరూ ఎక్కడికి పోయారమ్మా?" అన్నారు. రెండు రోజులు ఓపీ రిజిస్టర్లు తిరగేశాను. వయసు రాయనివాళ్లని నేనే వదిలేశానని తేలింది. ఆ పేపర్ అచ్చయినప్పుడు మొదటి పేరు నాదే పెట్టారు.

ఇద్దరి దగ్గరా ఇప్పుడు థీసిస్ చేస్తున్న సీనియర్లని ఒక సాయంత్రం కలవమనండి. "మీ డ్రాఫ్ట్ ఎన్నిసార్లు దిద్దారు?" అని అడిగితే చాలు.